డిస్కు తనలో తాను సరిదిద్దుకునే తప్పులు

బర్న్ చేసిన సీడీ అయినా, డీవీడీ అయినా మొదటి రోజు నుంచే కొన్ని తప్పులతో ఉంటుంది. ట్రేలోంచి అప్పుడే తీసిన డిస్కును పరీక్షించినా లేజరుకు తప్పు బిట్లు తగులుతూనే ఉంటాయి. ఒక దుమ్ము రేణువు, ప్లాస్టిక్‌లో సన్నని బుడగ, రంగుపూత ఒకచోట పలచబడటం, బర్న్ అయ్యేటప్పుడు ఒక గుర్తు కాస్త పొడుగ్గానో పొట్టిగానో పడటం, ఇవన్నీ మామూలే. అయినా ఫైలు తెరుచుకుంటుంది, పాట వినిపిస్తుంది. అసలు డేటాతో పాటు దాన్ని సరిదిద్దుకోడానికి కావలసిన అదనపు సమాచారమూ డిస్కు మీద రాసి ఉండటమే దానికి కారణం. కాబట్టి డిస్కును పరీక్షించడం అంటే తప్పులున్నాయా లేవా అని చూడటం కాదు. ఎన్ని ఉన్నాయి, ఏ దశలో సర్దుకుంటున్నాయి, ఇంకెన్నిటిని తట్టుకోగలదు అని లెక్క కట్టడం.

చాలా బర్నింగ్ సాఫ్ట్‌వేర్లలో ‘వెరిఫై’ అనే టిక్కు ఉంటుంది. రాసిన డేటాను వెనక్కి చదివి, కంప్యూటర్‌లోని అసలు ఫైలుతో అక్షరం అక్షరం పోల్చడమే దాని పని. చాలామందికి డిస్కు పరీక్ష అక్కడితో పూర్తయిపోతుంది. వెరిఫై అవసరమే, మానకూడదు. కానీ అది చెప్పేది ఒక్క మాటే: ఈ డిస్కును ఈ డ్రైవు ఈ రోజు చదవగలిగింది. అలవోకగా చదివిందా, గింజుకుంటూ చదివిందా అన్నది వెరిఫైకి తెలియదు. చెదలు తిన్న దూలం కూడా పైకి నున్నగానే కనిపిస్తుంది, ఇల్లు నిలబడే ఉంటుంది; తట్టి చూస్తేనే లోపలి గుల్ల బయటపడుతుంది. డిస్కును అలా తట్టి చూసే పద్ధతే ఎర్రర్ స్కాన్.

సీడీలో డేటా చిన్నచిన్న ఫ్రేములుగా ఉంటుంది. మామూలు వేగంతో తిరిగే సీడీ నుంచి సెకనుకు 7,350 ఫ్రేములు వస్తాయి. ఒక్కో ఫ్రేములో 24 బైట్లు అసలు డేటా అయితే, తప్పులు దిద్దడానికే మరో 8 బైట్లు. ఈ దిద్దుబాటుకు ఆధారం ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు 1960లో ప్రచురించిన కోడ్. సీడీలో అది రెండు దశల్లో పనిచేస్తుంది. మొదటి దశ సీ1. ఒక ఫ్రేములో ఒకటి రెండు బైట్లు చెడితే అక్కడే సరైపోతాయి. అంతకు మించితే ఆ భారం రెండో దశ అయిన సీ2 మీద పడుతుంది. పక్కపక్కన ఉండాల్సిన బైట్లను ముందే చెదరగొట్టి వందకు పైగా ఫ్రేముల్లో పరిచి రాస్తారు. అందువల్ల ఒక గీత ట్రాక్ వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగినా, ఆ నష్టం ఒక్కో ఫ్రేముకు కొద్ది కొద్దిగా పంచుకుపోయి సీ2 దాన్ని పూడ్చేస్తుంది. సీడీని మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు అనడం ఇందుకే. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కాసింతే పాడు చేస్తుంది. చుట్టు వెంబడి పడిన గీత ఒకేచోట వరసగా మింగేస్తుంది.

సెకనుకు ఎన్ని ఫ్రేముల్లో తప్పు కనిపించిందో చెప్పే సంఖ్యను బ్లెర్ అంటారు. సీడీ ప్రమాణం దీనికి పెట్టిన హద్దు పది సెకన్ల సగటున 220, అంటే మొత్తం ఫ్రేముల్లో మూడు శాతం. ఈ హద్దు చాలా ఉదారమైనది. మంచి డిస్కును మంచి డ్రైవులో రాస్తే సగటు ఒక అంకెలోనో, రెండంకెల్లోనో ఉంటుంది. 200 చూపించిన కొత్త డిస్కు నిబంధన ప్రకారం పాసైనట్టే. దాచుకోడానికి మాత్రం పనికిరాదు. బ్లెర్ కంటే గట్టిగా చూడాల్సినవి ఈ22, ఈ32 అనే లెక్కలు. రెండో అంకె దశను, మొదటి అంకె ఆ దశలో చెడిన బైట్లను చెబుతాయి. ఈ22 అంటే రెండో దశకు వచ్చి, అక్కడ రెండు బైట్లు దిద్దాల్సి వచ్చిందన్న మాట. ఈ32 అంటే ఆ దశ కూడా చేతులెత్తేసింది. భద్రపరచాల్సిన డిస్కులో ఈ రెండూ సున్నాగా ఉండాలి. డేటా సీడీకైతే ప్రతి సెక్టార్‌లోనూ మూడో రక్షణ ఒకటి ఉంది. ఆడియో సీడీకి అది లేదు. దిద్దలేని చోట ప్లేయర్ అటూ ఇటూ ఉన్న స్వరాల్ని బట్టి మధ్యలోది ఊహించి నింపుతుంది. అందుకే పాటల సీడీ ‘బాగానే ఉంది’ అని చెవి ఇచ్చే తీర్పును నమ్మడానికి లేదు.

డీవీడీలో లెక్క వేరు. చుట్ల మధ్య దూరం సీడీలో 1.6 మైక్రాన్లైతే డీవీడీలో 0.74 మాత్రమే. చుట్లు అంత దగ్గరై, గుర్తులూ చిన్నవైనప్పుడు దిద్దుబాటూ అంత పెద్దదిగా ఉండాలి. 32 కిలోబైట్ల డేటాను 208 వరసలు, 182 నిలువు గళ్ల పట్టికగా, అంటే ఒక బ్లాకుగా, పేర్చి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రక్షణ కడతారు. అడ్డంగా దొరికిన తప్పులను పీఐ అంటారు. ఒక వరసలో ఐదు బైట్లకు మించి చెడితే ఆ వరసను అడ్డు దిద్దుబాటు వదిలేస్తుంది, అది పీఐఎఫ్. అలాంటి వరసలను నిలువు దిద్దుబాటు కాపాడాలి. అదీ ఓడితే డేటా పోయినట్టే. ఎనిమిది వరుస బ్లాకుల్లో కలిపి 1,664 వరసలుంటే, వాటిలో పీఐ 280 దాటకూడదన్నది ప్రమాణం. పీఐఎఫ్‌కు బ్లాకుకు 4 అన్నది పరీక్షించేవాళ్లు పాటించే హద్దు. పెద్ద సంఖ్య కదా అని అందరి కళ్లూ పీఐ మీదకే పోతాయి గానీ, చదవడంలో ఇబ్బందిని ముందుగా పట్టిచ్చేది పీఐఎఫ్. బ్లూ-రేలో ఎల్‌డీసీ, బీఐఎస్ అని మరో జంట కోడ్‌లున్నాయి; స్కాన్ చదివే తీరు మాత్రం ఇదే.

అన్ని డ్రైవులూ ఈ లెక్క బయటపెట్టవు. డిస్కును చదవమని డ్రైవుకు చెప్పే ఆదేశాలకు ప్రమాణం ఉంది; లోపల ఎన్ని తప్పులు దిద్దావో చెప్పమని అడిగే ఆదేశాన్ని ఏ తయారీదారుకు ఆ తయారీదారే పెట్టుకోవాలి. లైట్ఆన్, ప్లెక్స్‌టర్, బెన్‌క్యూ పాత డ్రైవులకు ఈ విషయంలో ఇప్పటికీ గిరాకీ ఉంది. లైట్ఆన్‌కు కేప్రోబ్, ప్లెక్స్‌టర్‌కు ప్లెక్స్‌టూల్స్, అనేక డ్రైవులకు ఆప్టి డ్రైవ్ కంట్రోల్, లినక్స్‌లో క్యూపీఎక్స్‌టూల్ వాడతారు. ఒకే డిస్కు రెండు డ్రైవుల్లో రెండు రకాల సంఖ్యలు చూపిస్తుంది, ఎందుకంటే కొలిచేది డిస్కును ఒక్కదాన్నే కాదు, ఆ డిస్కునూ ఆ డ్రైవునూ కలిపి. ‘సీ2’ పేరుతో ఏది లెక్కపెడుతుందన్నది కూడా డ్రైవును బట్టి మారుతుంది. కాబట్టి ఎప్పుడూ ఒకే డ్రైవులో, ఒకే వేగంతో స్కాన్ చేసి, ఆ రీడింగులనే ఒకదానితో ఒకటి పోల్చాలి. ఇలాంటి డ్రైవు దొరకనివాళ్లకు మిగిలేది చదివే వేగం గ్రాఫ్. ఆరోగ్యంగా ఉన్న డిస్కులో అది లోపలి నుంచి అంచుకు నున్నగా పైకి ఎక్కుతుంది. మధ్యలో ఎక్కడైనా గుంటలు పడితే, అక్కడ డ్రైవు ఆగి మళ్లీ మళ్లీ చదువుతోందని అర్థం. ఇది మోటు పరీక్షే, అయినా ఏమీ చూడకపోవడం కంటే చాలా మేలు.

స్కాన్‌లో దేన్ని చూడాలో తెలియడానికి తెలుగు ఇళ్లలో ఉన్న పెళ్లి డీవీడీ కంటే మంచి ఉదాహరణ లేదు. 2000ల నుంచి వీడియో స్టూడియోలు పెళ్లి కేసెట్ స్థానంలో డిస్కులే ఇచ్చాయి: వధూవరుల ఫోటో ముద్రించిన కాగితం పైన అతికించి, నిండా నింపి, డ్రైవు ఎంత వేగం ఇస్తే అంత వేగంతో రాసి. అలాంటి డిస్కును స్కాన్ చేస్తే తరచూ ఒకే బొమ్మ వస్తుంది. డేటా లోపలి నుంచి మొదలై అంచుకు పోతుంది కాబట్టి మంగళస్నానాలు, ఎదుర్కోళ్లు ఉన్న మొదటి భాగంలో పీఐ పదుల్లోనే నడుస్తుంది. మూడు గిగాబైట్లు దాటాక గీత పైకి లేస్తుంది. చివరి అర గిగాబైట్‌లో వందలు దాటి, పీఐఎఫ్ నిట్టనిలువు ముళ్లలా పొడుచుకొస్తుంది. టీవీలో చూసేవాళ్లకు అప్పగింతల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగి ఆగి నడుస్తుంది. డిస్కు వేగంగా తిరిగేటప్పుడు అంచు దగ్గరే ఎక్కువ ఊగుతుంది, రంగుపూత సమంగా పడటం కష్టమయ్యేదీ అక్కడే. అతికించిన కాగితం తేమకు ముడుచుకుని డిస్కును సన్నగా వంచితే ఆ వంపు ఎక్కువగా తెలిసేదీ అక్కడే. అదే షెల్ఫులో మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు అమ్మిన సినిమా వీసీడీ ఇంకా ఆడుతుంటే ఆశ్చర్యపడక్కర్లేదు. అది అచ్చులో నొక్కి తీసిన డిస్కు, అందులో గుంటలు ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి. బర్న్ చేసిన డిస్కులో ఉన్నది లేజరు కాల్చిన రంగుపూత; వెలుతురుకు, వేడికి అది మారిపోతుంది.

ఆ పూత ఏ రకం, ఎవరు చేశారన్నది పెట్టె మీది బ్రాండు చెప్పదు. డిస్కులోనే రాసి ఉన్న మీడియా కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. ఒకే బ్రాండు పెట్టెల్లో వేర్వేరు ఫ్యాక్టరీల డిస్కులు వస్తాయి. సీడీ-ఆర్‌కు పుట్టినిల్లయిన జపాన్ సంస్థ తైయో యూడెన్ 2015తో ఈ తయారీ మానేసింది. గ్రేటర్ నోయిడా నుంచి ప్రపంచమంతటికీ డిస్కులు పంపిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. రికార్డు చేసే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025లో ఆపేసింది. మంచి డిస్కు దొరికే చోట్లు తగ్గుతున్న కొద్దీ ప్రతి కొత్త పెట్టె నుంచీ ఒకటి రెండు రాసి, స్కాన్ చేశాకే మిగతావి వాడటం తప్పనిసరి అయింది. వేగం విషయంలో ‘ఎంత నెమ్మదైతే అంత మంచిది’ అన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. 16ఎక్స్ డీవీడీల పూతను వేగానికి తగ్గట్టే తయారు చేస్తారు. వాటికి తరచూ 8ఎక్స్ దగ్గర మంచి ఫలితం వస్తుంది. అదీ మీ డ్రైవులో మీ డిస్కును స్కాన్ చేసి తేల్చుకోవలసిందే.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ప్రచురించిన మార్గదర్శకం డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల మధ్య, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచమంటుంది. కాకినాడ, మచిలీపట్నం తేమలోనూ, రాయలసీమ, తెలంగాణ వేసవుల్లోనూ మామూలు ఇంట్లో ఇది కుదిరేది కాదు. బీరువా చీకటినిస్తుంది, చల్లదనాన్నివ్వదు. కాబట్టి ఇక్కడ పరీక్ష ఇంకా దగ్గర దగ్గరగా జరగాలి. రాసిన రోజే స్కాన్ చేసి ఆ గ్రాఫ్‌ను దాచడం మొదటి పని, ఎందుకంటే తరవాతి రీడింగులన్నిటికీ కొలబద్ద అదే. ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతం తీసి, దాన్ని డిస్కులో కాకుండా వేరేచోట ఉంచాలి. అసలు ఫైలు పోయాక కూడా డిస్కులోది మారలేదని రుజువు చేసేది అదే. ఆ తరవాత రెండు మూడేళ్లకోసారి, ఒక్కో పెట్టె నుంచి కొన్ని డిస్కులు తీసి మళ్లీ స్కాన్ చేస్తే చాలు. పెరుగుదల కనిపించిన పెట్టెలో అన్నిటినీ చూడాలి.

సంఖ్యలు హద్దు దాటేదాకా ఆగకూడదు. మొదటి రీడింగు కంటే పీఐఎఫ్ స్పష్టంగా పెరిగినా, ఈ22 మొదటిసారి కనిపించినా కాపీ తీసే సమయం వచ్చినట్టే. అప్పటికింకా డేటా మొత్తం దొరుకుతుంది. అప్పటికే చదవలేని చోట్లున్న డిస్కు నుంచి ఫైళ్లను లాగి కాపీ చేయబోతే డ్రైవు ఒకేచోట ఇరుక్కుంటుంది. దానికి డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడాలి. అది తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకుని, రానివాటిని ఒక మ్యాప్ ఫైల్లో గుర్తుపెట్టుకుని, చివర్లో వాటి మీదకు వస్తుంది. అదే మ్యాప్‌తో డిస్కును మరో డ్రైవులో పెడితే మొదటిది వదిలేసిన సెక్టార్లలో కొన్నిటిని రెండోది చదువుతుంది. డీవీడిజాస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో దిద్దుబాటు ఫైలు ముందే చేసిపెట్టుకున్నవాళ్లకు మిగిలిన ఖాళీలూ నిండుతాయి, అవి ఆ ఫైలు శక్తికి లోబడి ఉన్నంతవరకు. అలా వచ్చిన డిస్కు నకలు (ఇమేజ్)లోని ఫైళ్లను పాత సంకేతాలతో సరిచూసి, హార్డ్ డిస్కులో ఒక ప్రతి, కొత్త డిస్కులో ఒక ప్రతి పెట్టాలి. కొత్త డిస్కునూ అదే డ్రైవులో, అదే వేగంతో స్కాన్ చేసి, రీడింగును తేదీతో, మీడియా కోడ్‌తో చిట్టాలో రాయాలి.