యవద్వీపపు తోలుబొమ్మలాటయు వీడియోప్రదర్శనమును

గతించిన కథను వర్తమానక్రియతో చెప్పుట యెట్లు చెల్లునను ప్రశ్నను పతంజలి మహర్షి, ప్రేరణార్థమున ణిచ్ప్రత్యయమును విధించు సూత్రముయొక్క భాష్యమున చర్చించినాఁడు. కంసుఁడు చచ్చి చిరకాలమైనది. అయినను వానిని చంపించుచున్నాఁడని లోకము వ్యవహరించుచున్నది. శోభనికులు ఆ వధను కన్నులయెదుట చూపుదురు. చిత్రములందు దెబ్బలు కనఁబడును. గ్రంథికులు మాటలచేతనే ఆ కథాపురుషులను శ్రోతల బుద్ధియందు నిలుపుదురు. కావున వర్తమానప్రయోగము సాధువే యని భాష్యకారుని యాశయము. శోభనికశబ్దమునకు ఛాయానాటకముతో సంబంధమును ల్యూడర్సు పండితుఁడు ఊహించెను. ఆ యర్థము వివాదగ్రస్తము. దానిని నిర్ణయించుట నాకిప్పుడు ప్రస్తుతము గాదు. ఈ భాష్యభాగమునుండి విమర్శకునకు లభించు గీటురాయి వేఱొకటి కలదు. చూచువాని బుద్ధియందు కథ యిప్పుడు జరుగుచున్నదా, లేదా? జరుగుచున్నచో ప్రదర్శనము సఫలము. జరుగనిచో ఎన్ని హంగులున్నను నిష్ఫలము.

ఈ గీటురాతిమీఁద పరీక్షింపఁదగినది ఇండొనీషియాదేశమున యవద్వీపవాసుల తోలుబొమ్మలాట. వారు దీనిని 'వాయాంగ్ కులిత్' అందురు. రాత్రియెల్ల తెఱయొద్ద కూర్చుండి చూడవలసిన యీ యాట, యూట్యూబు మూలమున నేఁడు అరచేతిలోని ఫోనునకు దిగివచ్చినది. ఈ మార్పునందు మిక్కిలి పేరువడసిన సూత్రధారులలో యోగ్యకర్తావాసి యగు కి సెనో నుగ్రోహో యొకఁడు. 'కి' యనునది గౌరవవాచకము. అతఁడు 1972లో జనించి 2020 నవంబరు 3వ తేదిని, 48 సంవత్సరముల వయస్సున, దివంగతుఁడయ్యెను. అయినను అతఁడాడించిన భీముఁడు నేఁటికిని గద నెత్తుచునే యున్నాఁడు. అతని బాగోంగు నేఁటికిని నవ్వించుచునే యున్నాఁడు. ఇట్టి వీడియోప్రదర్శనములపై సంప్రదాయజ్ఞులు చేయఁదగిన యాక్షేపములు మూఁడు. హాస్యము కథను మ్రింగివేయుచున్నదనుట మొదటిది. భాష గ్రామ్యమగుచున్నదనుట రెండవది. ఆట ముక్కలుముక్కలై చెదరుచున్నదనుట మూఁడవది. ఇందు మొదటి రెండును విచారమున నిలువవనియు, మూఁడవది మాత్రము నిజమైన దోషమనియు నా యభిప్రాయము.

ముందుగా ఆ కళాస్వరూపమును సంగ్రహముగా చెప్పెదను. వాయాంగుశబ్దమునకు నీడ యను అర్థముగల మలయుపదముతో చుట్టఱికము కలదు. కథను 'లాకోన్' అందురు. ఇది నడచుటయను నర్థముగల 'లాకు' శబ్దమునుండి పుట్టినది. మన చరితశబ్దమును చరధాతువునుండియే కదా యేర్పడినది! భిన్నకుటుంబములకు చెందిన రెండు భాషలు నడకనుండియే కథకు పేరు తీసికొనుట వైయాకరణులకు ముచ్చట గొలుపును. క్రీ. శ. 1030 ప్రాంతమున ఐర్లంగరాజు కాలమున కణ్వకవి ప్రాచీనజావాభాషలో 'అర్జునవివాహ' కావ్యమును రచించెను. చెక్కిన తోలు మాత్రమే యని తెలిసియు జనులు బొమ్మలాటను చూచి విలపింతురని ఆ కవి యందు సూచించినాఁడు. తొమ్మిదివందల యేఁబది సంవత్సరములకు పైఁబడిన యీ సాక్ష్యము రసవాదులకు అమూల్యము. 1157లో సెడాకవి యారంభింపఁగా పనులుఃకవి ముగించిన 'భారతయుద్ధ' కావ్యమును ఆ భాషలోనే వెలసినది. యునెస్కో సంస్థ 2003లో వాయాంగును మానవజాతియొక్క మౌఖికవారసత్వపు ఉత్తమకృతులలో నొకటిగా ప్రకటించి, 2008లో తన పట్టికలో చేర్చినది.

ఆ నాటకములందలి కథ మన భారతమే యైనను సర్వాంశములయందును మన భారతము గాదు. ద్రౌపది యచట ధర్మరాజునకు మాత్రమే పత్ని. శిఖండి స్త్రీయై అర్జునుని భార్యలలో చేరినది. మూలమునుండి శాఖవలె బయలుదేఱిన కల్పితకథలకు 'చారంగాన్' అని పేరు, చారంగనఁగా కొమ్మయే. ఇట్టి కథలను మూలద్రోహములని నిందించువారు, మన నాటకకర్తలు భారతకథలయందు చేసిన మార్పులను ముందుగా నిందింపవలసి యుండును.

ప్రదర్శనక్రమము మిక్కిలి నియమబద్ధమైనది. ఆట రాత్రి తొమ్మిదిగంటల ప్రాంతమున మొదలై తెల్లవాఱువఱకు సాగును. నెమ్, సాంగ, మన్యుర యనునవి మూఁడు 'పాతెత్తులు'. ఇవి సంగీతచ్ఛాయాభేదమునుబట్టి యేర్పడిన భాగములు. దాలాంగు, అనఁగా సూత్రధారుఁడు, ఒక్కఁడే బొమ్మలనన్నింటిని ఆడించును. ఒక్కఁడే సర్వపాత్రములకును మాటలాడును. కొయ్యసుత్తితో పెట్టెనుగొట్టి గామెలాన్ వాద్యబృందమునకు సంజ్ఞలిచ్చును. ఎనుఁబోతుతోలుతో చేసిన బొమ్మలు అరఁటిబోదెలలో గ్రుచ్చఁబడి యుండును. మధ్యరాత్రము దాఁటిన పిమ్మట 'గొరొగొరొ' యను ఘట్టము వచ్చును. ప్రపంచమెల్ల క్షోభించినట్లు వర్ణించు వచనముతో నది మొదలగును. ఆ క్షోభము తీఱఁగనే నలుగురు హాస్యపరిచారకులు పాటలతో ప్రవేశింతురు. వారు సెమారును, అతని కుమారులగు గారెంగు, పెత్రుకు, బాగోంగులును. వీరు వ్యాసభారతమున లేరు. యవద్వీపపు మట్టినుండి మొలచినవారు.

హాస్యాధిక్యదోషమును ఈ ఘట్టమునుబట్టియే విచారింపవలెను. సెమారు చూపునకు వికృతాకారుఁడగు సేవకుఁడు, తత్త్వమున దేవతాంశసంభూతుఁడు. అతనికి తోడు కావలసినపుడు అతని నీడయే బాగోంగయ్యెనని కథ. నీడలాటలో నీడకు పుట్టిన కొడుకు! ఇట్టి కల్పనగల సంప్రదాయమున హాస్యము బయటినుండి యంటించినది కాఁజాలదు. అది నాటకశరీరమున నొక యంగము. 'సెమార్ మ్బాంగున్ కాహ్యాంగాన్' అను ప్రసిద్ధకథను చూడుఁడు. సెమారు స్వర్గమును కట్టఁదలఁచెనని విని రాజులును దేవతలును తమతో పోటికి వచ్చుచున్నాఁడని శంకింతురు. అతఁడు కట్టఁదలఁచినది పాండవుల యంతరంగమను స్వర్గమని తుదకు తేలును. ఇందు పరిహాసపాత్రమే ధర్మమునకు ఆశ్రయము. విదూషకుఁడు నాయకునకు నర్మసచివుఁడని మన శాస్త్రకారులు చెప్పిరి. ఇచటి విదూషకుఁడు నాయకునకు గురువు. కావున హాస్యము పెరిగెననుట చాలదు. అది కథను మోయుచున్నదా, కథకు బరువైనదా యని చూడవలెను.

సెనో నుగ్రోహో ప్రతిభ ఇచటనే కనఁబడును. తండ్రియగు కి సుపర్మానును సూత్రధారుఁడే. సెనో యోగ్యకర్తా, సురకర్తా మార్గములు రెండింటిని మేళవించి, 'వర్గొ లారాస్' అను తన బృందముతో ఆడెను. బాగోంగును తన ప్రదర్శనములకు ప్రాణముగా చేసికొనెను. అతని బాగోంగు తెలివితక్కువవానివలె అడుగును. ఆ ప్రశ్నకు పెద్దలు తడఁబడుదురు. ఆ తడఁబాటులోనుండి నవ్వు పుట్టును. నవ్వు చల్లాఱిన తరువాత ప్రశ్న మిగులును. ఇది ఉచితహాస్యము. క్షేమేంద్రుఁడు ఔచిత్యమే కావ్యమునకు జీవితమనెను. ఆ ప్రమాణమున నిది నెగ్గును.

ఇఁక భాషనుగూర్చిన యాక్షేపము. జావాభాషలో మర్యాదాభేదమునుబట్టి పదజాలమే మాఱును. పెద్దలతో 'క్రొమొ' భాషయు, తనవారితోను చిన్నవారితోను 'ఙొకొ' భాషయు వాడవలెను. మనము నీవనుటకు బదులు మీరనినంతమాత్రమున నిది తీఱదు. తినుట, వచ్చుట, ఇల్లు మున్నగు సామాన్యార్థములకును వేఱువేఱు శబ్దములున్నవి. ఇట్టి కట్టుబాటుగల సమాజమున బాగోంగు రాజులతోను ఙొకొభాషయే యాడును. ఇది గ్రామ్యత్వమని తోఁచును. కాని మన రూపకములందు విదూషకుఁడు బ్రాహ్మణుఁడయ్యు ప్రాకృతమే పలుకునుగదా! అది కవికి సంస్కృతము రాకకాదు; పాత్రస్వభావమునకు అదియే తగును గనుక. పదములకు సాధుత్వమును విధించు వ్యాకరణము, ఏ పాత్రము ఏ భాష పలుకవలెనో విధింపదు. అది నాట్యశాస్త్రముయొక్క పని. అంతియకాదు. రాజు క్రొమొభాషను చక్కఁగా పలికినపుడే బాగోంగుని ఙొకొపలుకు నవ్వించును. దాలాంగునకు ఉన్నతభాష వచ్చి యుండినఁగాని నీచభాష హాస్యముగాదు. కావున గ్రామ్యోక్తి యిచట శిష్టభాషకు శత్రువు గాదు. దాని యునికికి సాక్షి.

2020లో కోవిడువ్యాధి ప్రబలి జనసమూహములు నిషేధింపఁబడఁగా సూత్రధారులకు జీవనోపాయము పోయెను. అపుడు సెనో తన యింటనుండి 'క్లిమెన్' అను సంక్షిప్తప్రదర్శనములను యూట్యూబున ప్రత్యక్షముగా ప్రసారము చేసెను. క్లిమెనన సాదాయైనది, ఆడంబరము లేనిది. వాద్యకులు కొందఱే, కాలము స్వల్పము. దీనివలన దూరదేశముల యందలి జావావారును సొంత భాషలో ఆట చూడఁగలిగిరి. ఎదుట సభ లేక హాస్యమాడుట సామాన్యము గాదు. నవ్వు వినఁబడక మాట యెంత నిలుపవలెనో, ఎప్పుడు విడువవలెనో తెలియదు. అట్టి నిశ్శబ్దమునకు ఎదురుగా కూర్చుండి కాలమాత్రను తప్పక నడపుట అభ్యాసబలమునకు నిదర్శనము. నష్టమును కలదు. సంక్షేపమున వెనుకఁబడినవారు వాద్యకులు. కొందఱితో పని తీఱునని తెలిసిన యజమానుఁడు తరువాత అందఱిని పిలుచునా యను భయము నిర్హేతుకము గాదు.

వీడియో నీడను చంపెనని యనుట మాత్రము తొందరపాటు. యవద్వీపమున ప్రేక్షకులు పెక్కుండ్రు ఈ కాలమున దాలాంగుండు వైపుననే కూర్చుండి, నీడను గాక బొమ్మనే చూతురు. వీడియోయంత్రము ఒకపరి ఈ వైపును, ఒకపరి ఆ వైపును చూపును. ఒకేచోట కూర్చున్నవానికి దుర్లభమైన యుభయదర్శనము దీనివలన కలుగుచున్నది. ఇది లాభమే.

నిజమైన దోషము మూఁడవది. పూర్ణరాత్రప్రదర్శనమునుండి బాగోంగుని చతురోక్తిని మాత్రము కోసి, రెండు మూఁడు నిమిషముల తునుకగా లోకమున విడుచుచున్నారు. భర్తృహరి మతమున వాక్యము అఖండము. పదములుగా విడఁదీయుట వ్యుత్పత్తికొఱకైన కల్పనయే. నాటకమును అట్టిదే. గొరొగొరొకు ముందు గడచిన నాలుగు గంటల రాజసభయు, ఆ సభలోని యుద్ధభయమును లేనిచో ఆ నవ్వు విశ్రాంతి గాదు, చక్కిలిగింత యగును. రాజు క్రొమొ పలుకక బాగోంగు ఙొకొ పలుకుట వినువానికి ఆ యతిక్రమణమే తెలియదు. ఏది హాస్యమునకు హేతువో దానిని తీసివైచి హాస్యమును మాత్రము మిగుల్చుట, ప్రకృతిని విడిచి ప్రత్యయమును వాడుటవంటిది.

తునుక యెల్లయెడల దోషమే యని తలంపరాదు. కాంపుర్సారి పాటలు పాడిన దీదీ కెంపోతు 2019లో వీడియోలమూలముననే యువజనులకు మరల ప్రియుఁడయ్యెను. అతఁడు 2020 మే 5వ తేదిని మృతినొందెను. రైలుస్టేషనులో వీడ్కోలు మొదలగు వియోగవృత్తములను అతఁడు జావాభాషలో పాడెను. ఆ పాట నాలుగైదు నిమిషములలో తన విభావానుభావములను తానే సమకూర్చుకొనును, అది ముక్తకము. ముక్తకమునకు ఫోను చాలును. వాయాంగు ప్రబంధము. ముక్తకమునకు కుట్టిన చొక్కాను ప్రబంధమునకు తొడుగఁబోయినచో చేతులు నఱుకవలసి వచ్చును. భేదము సాధనమున లేదు. ప్రక్రియయొక్క పరిమాణమున నున్నది.

ఆంధ్రులకు ఈ విచారము పరదేశవార్త మాత్రము గాదు. తోలుబొమ్మలాటను పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున పేర్కొనినాఁడు. శ్రీ సత్యసాయిమండలపు నిమ్మలకుంటలో ఆ తోలుచిత్రకళ నేఁటికిని జీవించియున్నది. మన బంగారక్కయు, జుట్టుపోలిగాఁడును, కేతిగాఁడును బాగోంగుని చుట్టములవంటివారు. వీరును మూలగ్రంథములందు లేరు. వీరి మాటలును పండితులకు గ్రామ్యములే. అచట ఒక్క దాలాంగే సర్వమును నడుపఁగా, మనయందు కుటుంబమంతయు తెఱవెనుక నిలిచి యాడును, పాడును. ఆ కుటుంబముల యాటను చిత్రించువారు రంగులకు ముచ్చటపడి రెండునిమిషముల హనుమంతుని, బంగారక్క జగడమును మాత్రము తీసికొనిపోయినచో, మిగిలిన పద్యములను, వాటి రాగములను, సంధివచనములను పిల్లలు ఎవరినుండి నేర్తురు? గురువు గతించినపిమ్మట శిష్యునకు దొరకునది ఆ చిత్రమే. అది తునుకయైనచో విద్యయు తునుకయే యగును.

సెనో విషయమున శుభమేమన, అతని ప్రదర్శనములు పెక్కు ఆద్యంతములు వీడియోలుగా నిలిచియున్నవి. దాలాంగుపని నేర్వఁగోరు యువకుఁడు సభాఘట్టమునుండి తుదివఱకు ఆ చేతినడకను, స్వరభేదమును, సుత్తిసంజ్ఞలను గమనింపవచ్చును. గతించినవాఁడు ఆడించుచున్నాఁడను వర్తమానప్రయోగము ఇట్టిచోట లక్షణామాత్రముగాక సార్థకమగుచున్నది. కాని క్రియ వర్తమానమగుటకు కథ పూర్ణముగా నుండవలెను. చంపువాఁడును చచ్చువాఁడును హేతువును లేని తునుకలో ఎత్తిన చేయి మాత్రము కనఁబడును, వధ కనఁబడదు. కావున హాస్యమును చూచి బెదరుటకన్న, గ్రామ్యభాషను చూచి ముక్కు విఱుచుటకన్న, మన తోలుబొమ్మలాటలను మొదటినుండి మంగళమువఱకు ఎడతెగక చిత్రింపించి భద్రపఱచుట పరిషత్తులకును పాఠశాలాపండితులకును ముందు కర్తవ్యము. ఆడఁగల వృద్ధులు ఉండఁగనే యీ పని జరుగవలెను.