పొడి చెత్త పొడిగా చేరాలి

చెత్త గురించి ఎక్కడ మాట కదిలినా చివరికి ఒకే ఫిర్యాదు దగ్గర ఆగుతుంది. ‘‘మేం తడీ పొడీ విడగొట్టే ఇస్తామండీ, బండిలో వాళ్ళే కలిపేస్తున్నారు.’’ రైతుబజార్లో విన్నాను, అపార్ట్‌మెంటు సంఘం సమావేశాల్లో విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గరా విన్నాను. ఆ ఫిర్యాదులో నిజం ఉంది, దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు మాట్లాడుకోవాల్సింది బండి మన వీధి మలుపు తిరగకముందే వంటింట్లో, సింకు పక్కన జరిగే పని గురించి. మున్సిపాలిటీ ఎంత పెద్ద కేంద్రం కట్టినా, ఎన్ని యంత్రాలు తెచ్చినా, అక్కడ చెడినదాన్ని మళ్ళీ బాగుచెయ్యలేదు.

చెడగొట్టేది తడి. మన ఇళ్ళలో రోజూ పోగయ్యే చెత్తలో సగానికి పైగా కూరగాయల చెక్కు, మిగిలిపోయిన అన్నం, వడకట్టిన టీ పొడి, పళ్ళ తొక్కలు. వీటిలో ఎక్కువ భాగం నీళ్ళే. ఆ నీళ్ళు కారి పక్కనున్న న్యూస్‌పేపరుకు అంటితే దాని ధర అక్కడితో సరి. నూనె పీల్చిన అట్టపెట్టెను గుజ్జు చేసినా నూనె నారను వదలదు, అందుకని కాగితం మిల్లులు దాన్ని తోసేస్తాయి. పెరుగు అంటిన కప్పు రెండు రోజుల్లో బూజు పడుతుంది, దాన్ని కడిగించాలంటే దాని ఖరీదు కంటే ఎక్కువ ఖర్చు. పొద్దున ఇంట్లో విడిగా ఉన్నప్పుడు అమ్ముడుపోయే సరుకే మధ్యాహ్నానికి డంపింగ్ యార్డుకు మోయాల్సిన బరువవుతుంది. అటువైపు నుంచి చూసినా అంతే నష్టం. తడి చెత్తలో ఒక క్యారీబ్యాగు, ఒక గాజు పెంకు పడితే చాలు, దానితో చేసిన ఎరువు మీద నమ్మకం పోతుంది. చేతికి గాజు గుచ్చుకున్న రైతు రెండో బస్తా కొనడు, కొనమని మనమూ అనలేం.

ఈ పని ఎవరైనా నేర్చుకుంటామంటే నేను పాల ప్యాకెట్టుతో మొదలుపెట్టమంటాను. ఊళ్ళో చాలా ఇళ్ళలో తెల్లారి మొదట తెరిచేది అదే. దాని మూలను పూర్తిగా కత్తిరించి పారేయకూడదు. ఆ గోరంత ముక్క ఏరేవాళ్ళ చేతికి దొరకదు, జల్లెడలో నిలవదు, కాలవలోకో పశువు కడుపులోకో పోతుంది. ముక్క ప్యాకెట్టునే అంటిపెట్టుకుని ఉండేలా గాటు పెడితే చాలు. పాలు గిన్నెలో పోసుకున్నాక ప్యాకెట్టులో కాసిని నీళ్ళు పోసి ఆడించి, ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పొయ్యొచ్చు. తర్వాత దాన్ని సింకు పైనున్న టైల్స్‌కు అతికిస్తే తడి ఉన్నంతసేపు అతుక్కుని ఉంటుంది, ఆరగానే దానంతటదే రాలుతుంది. కిందపడినవాటిని ఒక సంచిలో వేసుకుంటూ పోతే నెల తిరిగేసరికి వాసన లేని, ఈగ వాలని, తూకానికి నిలిచే ప్లాస్టిక్ పోగవుతుంది. పెరుగు కప్పుకైనా, నూనె ప్యాకెట్టుకైనా, హోటల్ నుంచి కూర తెచ్చిన డబ్బాకైనా పద్ధతి ఇదే. నూనెదానికి మాత్రం పిండి జల్లించాక మిగిలిన పొట్టుతో ఒకసారి తుడిచి కడిగితే జిడ్డు తొందరగా వదులుతుంది.

ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. మా అమ్మ తరం వాళ్ళు పాల ప్యాకెట్లను కడిగి, ఆరేసి, కట్టలు కట్టి కిలోల లెక్కన అమ్మేవాళ్ళు. పాత పేపర్లు, ఇనప సామాన్లు కొంటామంటూ సైకిలు మీద వచ్చే మనిషి కేక విని మధ్యాహ్నం నిద్ర మానుకున్న ఇళ్ళు ఎన్నో. పాత బట్టలకు స్టీలు గిన్నెలు వచ్చేవి, తుక్కుకు ఉల్లిపాయలు వచ్చేవి. ఆ వ్యాపారం ధర పలికేదాన్ని మాత్రమే తీసుకుపోయింది. చిప్స్ ప్యాకెట్టును అప్పుడూ ఎవరూ కొనలేదు, ఇప్పుడూ కొనరు. లోపల వెండిలా మెరిసే పూత, దాని మీదా కిందా వేరువేరు ప్లాస్టిక్ పొరలు, వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. చివరికి అవి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు బొగ్గుకు తోడుగా వెళ్తాయి. అక్కడికి వెళ్ళినా తడిసి ఉంటే సరిగా మండవు. ధర లేనిదాన్ని కూడా ఊరి మీద పడకుండా తీసుకుపోవడానికే మున్సిపాలిటీ కావాలి. దాని అవసరం అక్కడ మొదలవుతుంది.

మా వీధి బండి వెనక నిలబడి చెత్త అందుకునే ఆమెను ఒక పొద్దున అడిగాను, మా సంచుల్లో మీకు అక్కరకొచ్చేది ఏముంటుందని. ‘‘ఎండితే అన్నీ అక్కరకొస్తాయమ్మా. తడిసిందాన్ని కొట్టాయన తూకం వెయ్యడు’’ అన్నారు. బండికి ఇరువైపులా గోనెసంచులు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో సీసాలు, ఒకదాంట్లో అట్టలు, ఇంకోదాంట్లో కవర్లు. ఆమె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి బండి కదిలే ఆ కాస్త వ్యవధిలోనే అవన్నీ చేత్తో ఏరుతూ ఉంటారు. మనం బాల్కనీలోంచి చూసి ‘కలిపేస్తున్నారు’ అనుకునే దృశ్యంలో చాలాసార్లు జరుగుతున్నది ఈ ఏరివేతే. చాలా ఊళ్ళలో ఆ సంచుల్లోవి అమ్మగా వచ్చిన డబ్బు బండి మీద ఉన్నవాళ్ళే పంచుకుంటారు. చాలీచాలని జీతానికి అది ఆసరా. మనం సాంబారు కవరు ముడివేసి పొడి చెత్తలో పడేసినప్పుడు పోయేది వాళ్ళ ఆ రోజు రాబడి.

ఎర్ర బుట్టలో, అంటే చేతికి ప్రమాదం తెచ్చే చెత్త కోసం విడిగా ఇచ్చినదాంట్లో, వేయాల్సినవాటి గురించి నాకు కోపంతో కూడిన పట్టుదల ఉంది. పగిలిన గ్లాసును నాలుగు మడతల పేపర్లో చుట్టి, పైన ‘గాజు’ అని పెద్దక్షరాలతో రాయడానికి ఎంతసేపు పడుతుంది? వాడిన ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి పైన ఎర్ర సిరాతో ఒక గుర్తు పెడితే విప్పి చూడాల్సిన అవమానం ఒక మనిషికి తప్పుతుంది. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది, దాన్ని విరగ్గొట్టి సంచిలో దూర్చకూడదు. ఇన్సులిన్ సూదులు మూతపెట్టిన గట్టి డబ్బాలో వేసి ఇవ్వాలి. చేతికి చిరుగుల తొడుగు, ఒక్కోచోట అదీ లేకుండా పనిచేసేవాళ్ళ మీదికి మనం సూదులు పంపిస్తున్నాం.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. కొన్నిచోట్ల నిజంగానే కలుపుతున్నారు. బండిలో మధ్య గోడ ఉండదు, లేదా ఒక అర ముందే నిండిపోతుంది, లేదా ట్రాన్స్‌ఫర్ స్టేషన్లో రెండూ ఒకే పెద్ద లారీలో పడతాయి. ఒక్కసారి అది కళ్ళబడ్డ ఇల్లాలు మర్నాటి నుంచి ప్యాకెట్లు కడగడం మానేస్తుంది. ఆమెను తిరిగి ఒప్పించడం చాలా కష్టం. కలపమని చెప్పకపోయినా, కలపక తప్పని బండిని ఇచ్చిన అధికారులే దీనికి జవాబు చెప్పాలి. వందల గడపలను ఒక్క పూటలో తిరగాల్సిన మనిషిని నిలదీసి లాభం లేదు.

అలాగని మన దగ్గర ఇది చేతకాని పనా అంటే, సూర్యాపేట మున్సిపాలిటీ ఇరవై ఏళ్ళ కిందటే చేసి చూపించింది. వీధి కుండీలు తీసేసి, ఇంటింటి నుంచి తడి పొడి విడిగా తీసుకుని, తడిని ఎరువుకూ పొడిని అమ్మకానికీ పంపింది. చట్టమూ పాతదే. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం పుణ్యమా అని 2000లో తొలి నిబంధనలు వచ్చాయి. 2016 నిబంధనలు ఇంట్లోనే మూడు రకాలుగా విడదీయమన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలై పట్టణాల్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇంటికి మూడేసి పంచారు. వాటి వెంట వచ్చిన రుసుముకు జనం చెత్త పన్ను అని పేరుపెట్టి కోపగించుకున్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రుసుము పోయినా బండి డీజిలు ఖర్చు పోలేదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న చర్చ మన ఊళ్ళలో ఇంకా జరగాల్సినంత జరగలేదు.

నాకు బాగా నచ్చినది కేరళ పద్ధతి. అక్కడ హరిత కర్మ సేన పేరుతో కుటుంబశ్రీ స్వయంసహాయక సంఘాల మహిళలు ఇంటింటికీ వెళ్ళి, ప్లాస్టిక్‌ను కడిగి ఆరబెడితేనే తీసుకుంటారు. సాధారణంగా నెలకోసారి వస్తారు, ఇంటికి నెలకు కొంత రుసుము తీసుకుంటారు. గాజు, చెప్పులు, పాత బట్టలు, ఎలక్ట్రానిక్ సామాను లాంటివాటికి ఏ నెలలో ఏది అన్న క్యాలెండరు ఉంటుంది. వంటింటి చెత్తను వీలైనంతవరకు ఇంటి దగ్గరే ఎరువు చేసుకోవాలి. మన ఊళ్ళలో రోజూ తడి చెత్త తీసుకోక తప్పదు, మన ఎండలకు అది ఆగదు. పొడి చెత్తకు మాత్రం వారంలో ఒకటి రెండు రోజులు కేటాయించి, ఆ రోజు ఇంకేదీ ఎక్కించకుండా బండి తిప్పితే కలపడమనే మాటే పుట్టదు. వేసవిలో ముంజకాయల డొప్పలకూ కొబ్బరి బోండాలకూ కూడా ఒక రోజు పెట్టాలి. అవి తడి చెత్త కింద వెళ్ళినా తోటకూర కాడల్లా నెలన్నర రెండు నెలల్లో ఎరువు కావు, ముందు ముక్కలు చేసే యంత్రంలో వేయాలి.

ఇంకో కోరిక కూడా ఉంది. ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద నెలకోసారి ఒక లెక్క రాయాలి. ఈ వార్డు నుంచి ఎంత పొడి చెత్త వచ్చింది, కాగితం ఎంతకు పోయింది, సీసాలు ఎంతకు పోయాయి, ఆ డబ్బు ఎవరెవరికి ఎంత అందింది. అట్టకు ధర తగ్గిన నెల కారణం కూడా రాయాలి, తడిసి వచ్చిందని ఉంటే చదివినవాళ్ళకు తెలుస్తుంది. చిప్స్ ప్యాకెట్ల ఎదురుగా ఎప్పుడూ సున్నానే ఉంటుంది. అలాంటి ప్యాకింగును మార్కెట్లోకి వదిలిన కంపెనీలే దాన్ని వెనక్కి సేకరించే బాధ్యత తీసుకోవాలని 2022లో కేంద్రం నిబంధనలు మార్చింది. ఆ కంపెనీలు పెట్టిన ఖర్చులో మా వీధి బండి మీద నిలబడే ఆమె చేతికి ఎంత చేరిందో ఆ గోడ మీదే, ఆ సున్నా పక్కనే రాయాలి.