రెండో పాఠం సంచి

చర్ల, దుమ్ముగూడెం వైపు బడుల్లో పాఠం ఎప్పుడు చెడిపోతుందో చెప్పడానికి జాతకాలు చూడనక్కర్లేదు. మార్చిలో ఇప్పపూలు రాలడం మొదలైతే చీకటితోనే పిల్లలు తల్లుల వెంట చెట్ల కింద ఉంటారు. బడికి ఎండెక్కాక, అదీ ఆవలించుకుంటూ వస్తారు. వానలకు ముందు భూమి పండుగ పెట్టుకుంటే గూడెం మొత్తానికి సెలవే. జూలై, ఆగస్టుల్లో గోదావరి, ఆ వెనకే జ్వరాలు. గాలి కాస్త గట్టిగా లేచిందంటే అడవిలో ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. ఏటా వచ్చేవే ఇవన్నీ. అయినా లెసన్ ప్లాన్ తెరిస్తే సామర్థ్యాలకో గడి, టీఎల్ఎంకో గడి, మూల్యాంకనానికో గడి కనిపిస్తాయి. పాఠం నడవకపోతే ఏం చేస్తావని అడిగే గడి మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ అలవాటు మనకు ట్రైనింగ్‌లోనే అంటింది. డైట్‌లో, బీఈడీలో హెర్బార్ట్ సోపానాలు బట్టీ పట్టనివాళ్లు లేరు. ఆ జర్మన్ పండితుడి పేరు మీద శిష్యులు స్థిరపరిచిన అయిదు మెట్లవి. సన్నాహంతో మొదలై అన్వయంతో ముగుస్తాయి. రెండో మెట్టు మీదే కాలు జారితే ఏం చేయాలో ఆ పుస్తకాల్లో వెతికినా దొరకదు. దొరికేది గిజుభాయి దగ్గర. 1930ల మొదట్లో ఆయన గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ను మనం ‘పగటికల’గా చదువుకున్నాం. అందులో మాస్టారు ఎంతో ఆలోచించి మౌనం ఆట సిద్ధం చేసుకుని మొదటిరోజు క్లాసుకు వెళ్తాడు. పిల్లలు అల్లరల్లరి చేసి ఆ ఆటను ఆటపట్టిస్తారు. ఆయన వాళ్లను ఇంటికి పంపేసి, పర్మిషన్ లేకుండా సెలవెలా ఇచ్చావని మాట పడి, మర్నాడు కథతో వస్తాడు. ఆ మాస్టారికి మర్నాటిదాకా గడువు దొరికింది. మన సింగిల్ టీచర్ బడిలో అయిదు తరగతులూ ఒకే గదిలో ఎదురుగా కూర్చుని ఉంటాయి, ఇంటికి పంపితే దారిలో వాగు.

అనుకున్న పాఠం ఆగిపోతే వెంటనే అందుకునేదే రెండో పాఠం. అది ఎలా ఉండాలో చర్ల దాటాక ఒక చిన్న బడిలో చూశాను. జూన్ నెల, బడి తెరిచిన కొత్త. టీచరమ్మ మూడో తరగతికి గుణకారం చెప్పడానికి టీవీలో బొమ్మల పాఠం పెట్టింది. రెండు నిమిషాలు తిరక్కుండానే కరెంటు పోయింది. ఆమె కాసేపు చూద్దామని కూడా అనలేదు. గోద్రెజ్ బీరువాలోంచి ఒక గుడ్డసంచీ, అట్ట ఊడిన నోటుబుక్కూ తీసింది. నోటుబుక్కులో ఒక పేజీ తిప్పి, సంచిలోని చింతపిక్కలు నేల మీద కుమ్మరించి అడిగింది: “తునికాకు కట్టకు ఎన్ని ఆకులు?”

“యాభై!” అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న వెనక వరస పిల్లల గొంతే ముందు వినిపించింది. వేసవంతా కల్లం దగ్గర అమ్మానాన్నలతో కూర్చుని కట్టలు కట్టిన చేతులవి. ఒక్కో పిక్క ఒక్కో కట్ట అనుకోమంది. రెండు పిక్కలు వంద, నాలుగు రెండు వందలు. ఇరవై పిక్కలు వరసగా పేర్చేసరికి వెయ్యి ఆకులని వాళ్లే అన్నారు. ఒకమ్మాయి లేచి, “మా అమ్మ రోజుకి నూరు కట్టలు కడుద్ది టీచర్” అంది. అయిదు వేల ఆకులని లెక్క తేలాక ఆ పిల్ల తన వేళ్ల వంకే చూసుకుంది. వెయ్యి కట్టలు కలిస్తే ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే యాభై వేల ఆకులు. అది అయిదో తరగతి వాళ్ల వంతు. ఇంకో పిల్లవాడికి మాత్రం వేరే పేచీ ఉంది: “చిరిగినవి ఏరేస్తారు టీచర్, అందుకే రెండు మూడు ఎక్కువేసి కడతాం.” టీచరమ్మ కాదనలేదు. అయితే కట్టకు యాభై రెండు వేసి మళ్లీ చెయ్యమంది. అసలు గుణకారం అక్కడ మొదలైంది.

ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని చూశాను. పేజీలకు నెలల పేర్లున్నాయి. మార్చి పేజీలో సగం మంది రాని రోజున వచ్చినవాళ్లతో చేసే పని ఉంది, రానివాళ్లు వెనకబడకుండా కొత్త పాఠం కదపకూడదని ఎర్రసిరాతో ఒక గీత ఉంది. జూలై పేజీలో 43, 48, 53 అని మూడంకెలు. భద్రాచలం దగ్గర గోదావరికి ఒకటో, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. 2022 జూలై 16న నీరు 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత వరద అదే. బళ్లు పునరావాస కేంద్రాలైన ఆ రోజుల్లో పుస్తకాల్లేవు, బోర్డు ముందర మంచాలూ మూటలూ. మైకులో చెప్పే నీటిమట్టాన్ని గోడ మీద బొగ్గుతో రాస్తే తీసివేతలు, దశాంశాలు, గ్రాఫు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ మరుసటి నెలలోనే బళ్లలో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. అయిదో తరగతిలోపు పిల్లలందరికీ చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రావాలని దాని ఉద్దేశం. ఉద్దేశానికి వంక పెట్టను. ఆ వరద చూసినవాళ్లెవరైనా ఫార్మాట్ గీసే బల్ల దగ్గర ఉండి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

చాలా చోట్ల రెండో పాఠమంటే “చూసి రాయండి” లేదా “ఎక్కాలు రాయండి”. పిల్లలు నోరు మూసుకుంటారు, రికార్డుకు ఇబ్బంది ఉండదు. నా దృష్టిలో ఇది పాఠం ఆపేసినట్టే లెక్క. మొదటి పాఠం ఏ సామర్థ్యం కోసమో రెండోదీ దాని కోసమే ఉండాలి. దారి మారొచ్చు, ఊరు మారకూడదు.

భాష తెగిపోయే చోట పిక్కలు కూడా పనిచేయవు. సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ గూడేల్లో ఒకటో తరగతి పిల్లలకు తెలుగు పరాయిది. టీచరు అడిగిన ప్రశ్నే అర్థం కాని పిల్ల మౌనంగా ఉంటుంది, మనం దాన్ని రాకపోవడం కింద రాసుకుంటాం. అక్కడ నాలుగో తరగతి అక్కను పక్కన కూర్చోబెట్టి ఆమెచేత చెప్పించడమే రెండో పాఠం. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధమా కాదా అన్న వాదన న్యాయవాదులది. పిల్లల భాషలో పాఠం మార్చుకోగల టీచరు తగ్గితే క్లాసులో ఏమవుతుందన్నది మన గొడవ.

టీచర్లకు బదిలీలొస్తాయి. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు చార్జి లిస్టు మీద సంతకం పెట్టి బీరువా, టీవీ, వంటగిన్నెలు అప్పగిస్తారు. నోటుబుక్కు మాత్రం హ్యాండ్‌బ్యాగులో వెళ్లిపోతుంది. ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు మార్చిలో ఖాళీ బెంచీలు చూసి బిక్కమొహం వేస్తాడు. కాంప్లెక్స్ మీటింగులో ఈ సంగతి చెప్పి, ఆ నోటుబుక్కును కూడా లిస్టులో ఎక్కించమన్నాను.

“ఏ హెడ్డు కింద రాయమంటారు సార్?” అన్నారు హెడ్మాస్టారు.

“చింతపిక్కల సంచి ఎక్కడ రాశారో దాని కిందే రాయండి” అన్నాను. ఆయన లిస్టు మొత్తం తిరగేశారు. అందులో సంచీ లేదు.