కాలియా ఎవరు?



అనంతగిరి ఘాటు దారిలో ఒక సాయంకాలము నన్ను వాన పట్టుకొనెను. కాఫీ తోటల చెంతనున్న ఒక ఇంటి అరుగుమీద తలదాచుకొంటిని. ఇంటిలో టీవీ ఉన్నది గాని, గాలివానకు కరెంటు పోయినది. అయినను అచ్చట కూడిన పిల్లలకు ఏ లోటును కలుగలేదు. తెరమీద చూడలేని కథను వారు నోటితో ఆడుకొనుచుండిరి. ఒకడు ప్రశ్న వేయును. తక్కినవారు ఒక్క గొంతుతో జవాబు చెప్పుదురు.

“భీమ్‌కి ఎన్నేళ్లు?” “తొమ్మిది!” “చుట్కీ వాళ్లమ్మ ఎవరు?” “టున్‌టున్ మౌసీ!” “ఢోలక్‌పూర్ రాజు?” “ఇంద్రవర్మ!” “కాలియా వెనకాల తిరిగే కవలలు?” “ఢోలు, భోలు!”

చివరకు ఒక చిన్నది, “ఢోలక్‌పూర్‌కి ఏ బస్సెక్కాలి?” అని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నకు ఎవరును జవాబు చెప్పలేకపోయిరి.

ఆ ఊరికి బస్సు లేదు. అది కల్పించిన ఊరు. మన హైదరాబాదులో రాజీవ్ చిలక అను ఆయన 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అను సంస్థవారు దానిని గీసిరి. “ఛోటా భీమ్” అను ఆ బొమ్మల కథ 2008 ఏప్రిల్‌లో పోగో ఛానల్‌లో మొదలై, అప్పటినుండి పిల్లలను విడువలేదు. 2012లో సినిమాగా పెద్ద తెరకెక్కెను. 2019లో భీమ్‌ను పాకులాడు పసివానిగా చూపి, మాటలు లేని మరియొక కథను నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టిరి. గాలిలో ఎగురు “సూపర్ భీమ్” కూడ వచ్చెను. లడ్డు తిన్నంతనే మహాబలము కలిగి, ఊరికి వచ్చిన ఆపదను తొలగించు పిల్లవాడు ఈ భీమ్. స్నేహితులు చుట్కీ, రాజు, మాటలాడు కోతి జగ్గూ. పోటీదారుడు కాలియా.

ఇట్టి సంగతులను పిల్లలు కంఠస్థము చేయుట చూచి పెద్దలు విసుగుకొందురు. పోయిన ఆదివారపు పాఠము జ్ఞాపకము లేదు గాని, కోతి పేరు జ్ఞాపకమున్నది అందురు. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవింపను. పిల్లవాడు తాను ప్రేమించినదానిని శ్రద్ధగా చూచును. ఒకే పోలికగల కవలలలో ఢోలు ఎవరో భోలు ఎవరో వాదించు కన్నులు మందమైన కన్నులు కావు. మంచి ప్రశ్న అడిగినచో ఆ కన్నులు మంచి జవాబును కనుగొనగలవు. పేర్లు, వయసులు అడిగి ఊరకుండుటయే మన లోపము.

పెద్దవారైన అభిమానులును ఇంతకంటె మేలుగా చేయలేదు. 2020లో ఒక వింత జరిగెను. భీమ్ చుట్కీని విడిచి రాకుమారి ఇందుమతిని పెండ్లాడెనని పుకారు పుట్టగా, చుట్కీకి న్యాయము కావలెనని దేశమంతట అభిమానులు సామాజిక మాధ్యమములలో గగ్గోలు పెట్టిరి. తుదకు గ్రీన్ గోల్డ్ వారే ముందుకు వచ్చి, వీరందరు ఇంకను పిల్లలే, పెండ్లి మాట అబద్ధమని ప్రకటింపవలసి వచ్చెను. నవ్వు పుట్టించు సంగతియే. అయినను దానిలో ఒక మంచితనము లేకపోలేదు. చిన్ననాటి స్నేహితురాలికి అన్యాయము జరిగినదని వారి మనస్సు నొచ్చెను. అయితే చదువరీ, అంతమంది చుట్కీ పక్షమున లేచిరి గదా, కాలియా పక్షమున ఎవరు లేచిరి?

వాన వెలిసెను. పిల్లలు ముంగిటిలోనికి దుమికి ఆట మొదలుపెట్టిరి. “నేను భీమ్”, “నేను రాజు”, “నేను జగ్గూ” అని తలా ఒక పేరు పట్టుకొనిరి. కాలియా పేరు పట్టుకొన్నవాడు లేడు. అప్పుడు అందరి వ్రేళ్లు ఒకేసారి ఒకనివైపు తిరిగెను. వారిలో వాడే నల్లనివాడు, వాడే లావైనవాడు. “నువ్వే కాలియావి!” అని పకపక నవ్విరి. వాడును నవ్వినట్లే ముఖము పెట్టి, ఓడిపోవుటకు సిద్ధముగా నిలిచెను. కొంచెము ముందు వానలో తడియుచు పెద్ద కట్టెల మోపు ఇంటికి మోసికొని వచ్చినది ఆ పిల్లవాడే. ఒప్పుకొనుటకు సిగ్గగుచున్నది గాని, ఆ నవ్వులో నేనును కలిసితిని.

దారి దిగి వచ్చుచుండగా నా నవ్వు నన్నే గుచ్చెను. హిందీలో కాలా అనగా నలుపు. కాలియా అనగా నల్లవాడు. ఆ పాత్రకు పెద్ద దేహమునిచ్చి, పొగరునిచ్చి, అసూయనిచ్చి, వీటన్నిటిమీద నలుపు పేరును అతికించిరి. మంచివాడైన భీమ్‌కు మాత్రము వీరుని పేరు దొరికెను. ఇది పొరబాటున జరిగినదో, ఆలోచించి చేసినదో నేను తీర్పు తీర్చను. చూచు పిల్లవాడు ఏమి నేర్చునో అదియే మన విచారము.

ఇందులో ఒక తలక్రిందుల సంగతి కూడ ఉన్నది. భీముడనగా మన పెద్దలకు ఎవరు? భారతములోని భీముడు. భారీ దేహము గలవాడు, బండెడన్నము తినువాడు, తిన్నంత బలము చూపువాడు. ఢోలక్‌పూర్ భీమ్ ఆయన బాల్యము కాడు, వేరు కథలోని వేరు పిల్లవాడు; పేరు, బలము, తిండిమీది ప్రీతి మాత్రము అచ్చటనుండి తెచ్చుకొనెను. మరి ఆ పెద్ద దేహము ఎవరికి పోయెను? కాలియాకు! ఒకప్పుడు వీరునికి గుర్తుగానున్న దేహము ఈ కథలో నవ్వులపాలు కావలసిన దేహమాయెను. అమెరికావారి పొపాయ్ అను నావికుని బొమ్మల కథలు 1933 నుండి తెరమీద ఆడినవి. అందులోను పాలకూర తిని బలము పొందువాడు చిన్నవాడు. దెబ్బలు తినువాడు నల్లని గడ్డముగల భారీ మనిషి. కాబట్టి ఇది ఒక్క ఊరి తప్పు కాదు, పాత అచ్చులో పోసిన బొమ్మ.

“కాలియా గొప్పలు చెప్పుకొనును, మోసము చేయును, అందుకే నవ్వుదుము, రంగు చూచి కాదు” అని మీరనవచ్చును. తెరమీద అది కొంత నిజమే. ముంగిటిలో అది నిజము కాలేదు. ఆ కట్టెలు మోసిన పిల్లవాడు ఏ గొప్పలు చెప్పెను? ఎవరిని మోసగించెను? వాని నడతను చూచి ఆ పాత్ర ఇయ్యలేదు, ఒంటిని చూచి ఇచ్చిరి. మన కొండ పిల్లలు ఎస్.కోట వైపో విశాఖపట్నము వైపో దిగినప్పుడు రంగునుబట్టి, మాట యాసనుబట్టి పేర్లు పెట్టించుకొనుట ఎరుగుదురు. ఆ బాధ ఎరిగినవారే తిరిగి వచ్చి తమలో నల్లనివానికి ఆ పేరే పెట్టుచున్నారు. ఇంతకంటె దుఃఖకరమైన సంగతి ఏమున్నది?

అయినను ఈ కథను ఇంటనుండి వెళ్లగొట్టుడని నేను చెప్పుటలేదు. దీనిలో ఒక మేలిమి గుణమున్నది. కంఠస్థము చేసినవారు కూడ దానిని గమనించుట లేదు. కాలియా ఎన్నిసార్లు ఓడినను ఊరు అతనిని వెలివేయదు. ఈ రోజు భీమ్‌తో కలహించినవాడు మరునాటి కథలో అదే మైదానములో ఆడుచుండును. ప్రయాణమునకు పోవునప్పుడు కాలియాయు వెంట నుండును. బందిపోట్లు వచ్చినప్పుడు భీమ్ కాపాడువారిలో అతడును ఉండును. పొరుగువాడు ఎట్టివాడైనను పొరుగువాడే అని ఆ కథ మాటలతో చెప్పక చూపుచున్నది. కలహము వచ్చిన నాటినుండి ఒకరి గడప ఒకరు త్రొక్కని కుటుంబములు మన పల్లెలలో లేవా? ఆ పెద్దలు పిల్లల ప్రక్కన కూర్చుండి దీనిని ఒక గంట చూచిన తప్పులేదు.

అనగా ఈ కథ కాలియాకు ఊరిలో చోటు ఇచ్చినది. గౌరవము ఇచ్చుట మరచినది. మొదటిదానిని మెచ్చుకొందము. రెండవదానిని మన ముంగిటిలోనే సరిచేయవచ్చును. దానికి ఉపాయము పిల్లల ప్రశ్నలలోనే దొరకును. వారికి తెలియని ఒక సంగతి మీరు చెప్పుడి. హిందీలో ఆ మహాబలుడైన భీమ్‌కు గొంతునిచ్చినవారిలో సోనాల్ కౌశల్ అను స్త్రీ ఒకరు. ఏండ్ల తరబడి పిల్లలు విని మురిసిన ఆ వీరుని కేక ఒక యువతి నోటనుండి వచ్చినది! పాత్రకు తగిన మనస్సు చాలును, తగిన ఒళ్లు అక్కరలేదని ఇంతకంటె తేటగా ఎవరు చెప్పగలరు? అట్లయినచో ఆడుపిల్ల భీమ్ కావచ్చును. నల్లనివాడు ఇంద్రవర్మ కావచ్చును. బక్కపలుచనివాడు ఈ పూట కాలియా కావచ్చును, రేపటి పూట మరియొకడు.

కొన్ని వారముల తరువాత నేను ఆ ఇంటికి మరల వెళ్లి ఈ సంగతి పిల్లలకు చెప్పితిని. మొదట నమ్మలేదు. తరువాత బస్సు సంగతి అడిగిన ఆ చిన్నది లేచి, “అయితే నేనే భీమ్” అనెను. కొంత గొడవ జరిగెను. తుదకు చీట్లు వేయుటకు ఒప్పుకొనిరి. ఆ పిల్లవాడు చీటీ విప్పి ఏమి చూచెనో నాకు తెలియదు, వాడు ఎవరికిని చూపక గుప్పిట మూసికొనెను. వాని ముఖము మాత్రము చూచితిని. ఈసారి వాడు నవ్వినట్లు ముఖము పెట్టలేదు, నవ్వెను.

చదువరీ, ఈ వారము మీ ముంగిటిలో పిల్లలు ఆడునప్పుడు పని ఆపి ఒక నిమిషము చూడుడి. భీమ్ ఎవరని అడుగవద్దు. దానికి పదిమంది చేతులెత్తుదురు. కాలియా ఎవరు, వానిని ఆ చోట నిలిపినది ఎవరు అని అడుగుడి. అప్పుడు మీరును నవ్వుచున్నారేమో చూచుకొనుడి.