హీరో పక్కనుండే మనిషి

కౌబాయ్ అనగానే తెలుగువాళ్లకి 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’లో గుర్రమెక్కిన కృష్ణ గుర్తొస్తాడు. ఆ వెంటనే అతని పక్కనుండే నాగభూషణం కూడా గుర్తొస్తాడు, రాకుండా ఎక్కడికి పోతాడు! అమెరికన్ వెస్టర్న్ ప్రేమకథలు చదివేవాళ్లదీ ఇదే అనుభవం. పొడుగ్గా, మాట పొదుపుగా, గురి తప్పని హీరో ఎలాగూ ఉంటాడు. పుస్తకం పక్కన పెట్టాక కూడా వదలకుండా వెంటవచ్చేది చాలాసార్లు అతని పక్కవాడు.

దీనికి కారణం హీరోలోనే ఉంది. ప్రేమిస్తున్నానని అతను నోరు విప్పి చెప్పడు, భయపడుతున్నానని అసలే చెప్పడు. మనసులో ఉన్నది పైకి అననని భీష్మించుకున్న మనిషితో ప్రేమకథ నడపాలంటే రచయితకి ఇంకో మగాడి అవసరం పడుతుంది. హీరో లోపలి సంగతి అతని ద్వారానే బయటికి రావాలి.

ఓవెన్ విస్టర్ 1902లో వెలువరించిన ‘ది వర్జీనియన్’ ఈ తరహాకి దారి వేసిన నవల. వయోమింగ్‌లో పశువుల మందలు కాసే యువకుడికీ, వెర్మాంట్ నుంచి వచ్చిన బడిపంతులమ్మ మాలీకీ మధ్య ప్రేమ. హీరోని ఊరంతా వర్జీనియన్ అనే పిలుస్తుంది. స్నేహితుడు స్టీవ్ ఒక్కడికే అతను ‘జెఫ్’. కథ మొదట్లోనే స్టీవ్ అతణ్ణి ముద్దుగా ఓ బూతుమాట అంటాడు, అతను పట్టించుకోడు. కాసేపటికి పేకాట దగ్గర ట్రాంపస్ అనేవాడు అదే తిట్టు తిడితే పిస్తోలు బల్ల మీదికి వస్తుంది. హీరో ఎవరిని ఎంత దగ్గరికి రానిస్తాడో విస్టర్ విడిగా వివరించనక్కర్లేకపోయింది.

ఆ స్టీవే తర్వాత పశువుల దొంగల్లో కలుస్తాడు. పట్టుకుని ఉరితీసే బాధ్యత వర్జీనియన్ మీదే పడుతుంది. చివరి రాత్రి స్టీవ్ మిగతావాళ్లతో కబుర్లు చెబుతాడు గానీ ఇతనితో మాత్రం పలకడు. ఆ మౌనం వర్జీనియన్‌ని కాల్చుకు తింటుంది. తర్వాత ఓ వార్తాపత్రిక మీద పెన్సిల్‌తో రాసిన వీడ్కోలు దొరుకుతుంది: మాట్లాడితే చిన్నపిల్లాడిలా ఏడ్చేస్తానని స్టీవ్ భయపడ్డాడు. మాలీతో ఎన్ని పేజీల సరాగం నడిచినా, ఈ మనిషికి గుండె ఉందని పాఠకుడు నమ్మేది ఇక్కడే. ఆ తర్వాత వర్జీనియన్ యజమాని జడ్జి హెన్రీ మాలీని కూర్చోబెట్టి ఉరి న్యాయమేనని వాదించే అధ్యాయం మాత్రం నీరసం. ఈ వాదన ఊరికే పుట్టలేదు. 1892లో వయోమింగ్‌లోనే పెద్ద పశువుల ఆసాములకీ చిన్నవాళ్లకీ మధ్య జాన్సన్ కౌంటీ యుద్ధం జరిగింది. విస్టర్ మొగ్గు ఆసాముల వైపే. జడ్జి నోట వినిపించేది ఆ మొగ్గే.

ఈ పాత్రల్లో అగ్రతాంబూలం ఇవ్వాల్సింది జో స్టారెట్‌కి. జాక్ షేఫర్ ‘షేన్’ (1949)లో అతనో చిన్న రైతు, పెళ్లాం బిడ్డ ఉన్నవాడు. ఎక్కడినుంచో వచ్చిన తుపాకీవాడు షేన్ వాళ్లింట్లో చేరతాడు. ఇద్దరూ గొడ్డళ్లు పట్టి, జోకి ఎన్నాళ్లుగానో లొంగని మొద్దుని పెకలించే ఘట్టం ఉంది. వాళ్లని చూస్తూ జో భార్య మేరియన్ పొయ్యిలో పెట్టిన యాపిల్ పై సంగతే మరిచిపోతుంది. అది మాడిపోతుంది. పట్టుదలగా ఇంకోటి చేస్తుంది. ముగ్గురి మధ్య ఏం మొదలైందో ఆ మాడిన పిండివంట చెబుతుంది. కథ చెప్పే పసివాడు బాబ్‌కి మాత్రం అది అర్థం కాదు.

జోకి అర్థమవుతుంది. ఇంకో రచయిత చేతిలో పడితే అతను అసూయతో రగిలిపోయేవాడు, లేదా ఏమీ ఎరగని అమాయకుడై నవ్వులపాలయ్యేవాడు. షేఫర్ ఆ రెండూ చేయలేదు. భార్య మనసు ఎటు వాలుతోందో తెలిసీ, ఆమెనీ షేన్‌నీ ఇద్దర్నీ నమ్మే పెద్దమనిషిగా జోని నిలబెట్టాడు. చివర్లో శత్రువులతో పోరుకి తానే వెళ్తానని జో మొండికేస్తే, షేన్ అతని తలమీద కొట్టి పడేసి తాను వెళ్లాల్సి వస్తుంది. జో అంత మంచివాడు కాకపోతే షేన్ వదులుకున్నదానికి విలువే లేదు. 1953 సినిమాలో ఈ పాత్ర వేసిన వాన్ హెఫ్లిన్, షేన్‌గా వేసిన అలన్ లాడ్ పక్కన ఎక్కడా తేలిపోలేదు.

లారీ మెక్‌మర్ట్రీ ‘లోన్సమ్ డవ్’ (1985)ని రొమాన్స్ అంటే కొందరు ఒప్పుకోరు. కానీ అందులో ప్రేమలో పడి దెబ్బతినని మగాడు అరుదు. పశువుల కాపరి డిష్ బాగెట్ లొరీనా అనే అమ్మాయి కోసం కరిగిపోతాడు, ఫలితం సున్నా. వీళ్లందరి మధ్య ప్రేమ గొడవ అంటని డీట్స్, పాత బొంతలతో కుట్టిన ప్యాంట్లు వేసుకుని, మందకి ముందు దారి వెతుకుతూ పోయే నల్లజాతి మనిషి. ఇతనికి బోస్ ఐకార్డ్ అనే నిజమైన మనిషి ఆధారం. బానిసగా పుట్టి, టెక్సాస్ నుంచి పశువుల్ని తోలుకెళ్లిన చార్లెస్ గుడ్‌నైట్‌కి నమ్మిన బంటు అయ్యాడు ఐకార్డ్. పశువుల కాపరుల్లో దాదాపు నాలుగోవంతు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. పాత వెస్టర్న్ నవలలు చదివితే ఆ సంగతి తెలియనే తెలియదు.

ఆ లోటు పూడ్చినవాళ్లలో బెవర్లీ జెన్‌కిన్స్ ముఖ్యురాలు. ‘ఫర్‌బిడెన్’ (2016) నవలలో రైన్ ఫాంటేన్ బానిసగా పుట్టి, నెవాడాలోని వర్జీనియా సిటీలో తెల్లవాడిగా చలామణి అవుతున్న సలూన్ యజమాని. అతని గుట్టు తెలిసిన నల్లజాతి భాగస్వామి జిమ్ డేడ్. నల్లజాతి వంటమనిషి ఎడ్డీ మీద రైన్ మనసు పడతాడు. గుట్టు విప్పితే సంపాదించుకున్న స్థానం పోతుంది, విప్పకపోతే ఆమె దక్కదు. ఈ మథనమంతా హీరో ఒంటరిగా కిటికీలోంచి చూస్తూ తలపోస్తే పేజీలు సాగవు. జిమ్ ఉన్నాడు కాబట్టి ఒక్క గదిలోనైనా రైన్ ముసుగు తీసి మాట్లాడగలడు.

నేటి సిరీస్ రొమాన్సుల్లో ఒక దురలవాటుంది. హీరో తమ్ముడో, షెరీఫ్ మిత్రుడో అందంగా వస్తాడు, రెండు చతుర్లు విసురుతాడు, తర్వాతి పుస్తకంలో హీరో అయ్యేది తానేనని చెప్పకనే చెప్పి తప్పుకుంటాడు. ఈ కథలో అతను పోగొట్టుకునేది ఏమీ ఉండదు. స్టీవ్‌కి తర్వాతి పుస్తకం లేదు, జో స్టారెట్‌కీ లేదు. వాళ్ల సుఖమూ నష్టమూ ఆ ఒక్క నవలలోనే తేలిపోవాలి కాబట్టి, హీరో వేసే ప్రతి అడుగూ వాళ్లకి తగులుతుంది.