తుపాకీ పడమటిది, దరువు మనది

1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ పేరెత్తగానే రెండు మాటలు వినిపిస్తాయి. దేశంలో వచ్చిన తొలి కౌబాయ్ సినిమా అని అభిమానులు అంటారు. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ సినిమాలకు నకలు అని విమర్శకులు అంటారు. మొదటి మాటతో గర్వపడి ఊరుకుంటాం, రెండో మాటతో తీసి పక్కన పెడతాం. ఈ రెండింటి నడుమ అసలు విషయం మరుగున పడింది. కౌబాయ్ సినిమా అనే పరాయి సరంజామాను తెలుగువాళ్లు ఏ పనితనంతో తమది చేసుకున్నారన్నదే ఆ విషయం. టోపీ, తోలు అంగీ, నడుముకు పిస్తోలు పడమటి నుంచి వచ్చాయి, నిజమే. కానీ ఆ వేషం కట్టినవాడు రంగం మీదికి వచ్చే తీరు, మాట్లాడే తీరు, వెతికే నిధి మన జానపద రంగస్థలానివి. తెలుగు కౌబాయ్ సినిమా విలువ ఈ అంటులోనే ఉందని నా వాదన.

ముందు అరువు తెచ్చుకున్నది ఏమిటో చూడాలి. 1964 నుంచి 1966 దాకా లియోనీ వరుసగా తీసిన మూడు చిత్రాలతో క్లింట్ ఈస్ట్‌వుడ్ ప్రపంచానికంతా తెలిశాడు. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ వాటిలో చివరిది. ఆ సినిమాల పనితనం ప్రధానంగా నిరీక్షణలో ఉంది. విశాలమైన ఎండిన నేల మీద మనిషిని చీమంత చేసి చూపిస్తారు, మరుక్షణం అతని కళ్లు మాత్రమే తెరనిండా కనిపిస్తాయి. తుపాకీ పేలడానికి పట్టేది రెప్పపాటు. దానికి ముందు మాటా పలుకూ లేకుండా నిమిషాల తరబడి సాగే ఎదురుచూపే అసలు ఘట్టం. ఆ ఖాళీని ఎన్నియో మొరికోనే సంగీతం నింపుతుంది. ఈస్ట్‌వుడ్ పాత్రకు ఊరూ లేదు, బంధువులూ లేరు. పేరు లేని మనిషిగానే ప్రేక్షకులు అతన్ని గుర్తుపెట్టుకున్నారు.

ఇందులోంచి దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి నేలను, చూపును తీసుకున్నారు. రాజస్థాన్‌లో బికనీర్ వైపు ఎడారికి వెళ్లి రంగుల్లో చిత్రీకరించారు. మౌనాన్ని మాత్రం తీసుకోలేదు. కథ, మాటలు రాసింది ఆరుద్ర. ‘త్వమేవాహం’ రాసిన కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కూర్చిన పండితుడు కౌబాయ్ సినిమాకు కలం పట్టడం చిన్న సంగతి కాదు. నక్కజిత్తుల నాగన్నగా వేసిన నాగభూషణం ‘రక్తకన్నీరు’ నాటకంతో ఊరూరా తిరిగి పేరు తెచ్చుకున్న రంగస్థల నటుడు. లియోనీ చిత్రంలో ఈలై వాలక్ వేసిన టక్కరి పాత్రకు నాగన్న దగ్గరి చుట్టమే. అయినా అతని విరుపులు, సాగతీతలు, ఎదుటివాడి మాటను అందుకుని తిప్పికొట్టే ఒడుపు నాటకాల పందిళ్లలో పదునెక్కినవి. పక్కన కథానాయకుడు కృష్ణ ముఖం తొణకదు. హావభావాల ఆర్భాటం తక్కువని ఆయన మీద చెప్పే వంక ఇక్కడ బలంగా మారింది. ఒకరు కదలకుండా నిలబడితేనే మరొకరి మాటల గారడీకి చోటు దొరుకుతుంది. పడమటి సినిమాలో చూపులు చేసిన పనిని ఇక్కడ చూపులూ మాటలూ పంచుకున్నాయి.

నాయకుడి రాక ఇంకో ఆధారం. నిజామాబాద్ జిల్లాలోని మా బోధన్, రెంజల్ ప్రాంతానికి చిందు యక్షగానం కొత్త కాదు. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో ఉండి, మగవేషాలు కట్టి మెప్పించిన చిందుల ఎల్లమ్మ పేరు ఇక్కడ తెలియనివారు అరుదు. యక్షగానంలో పాత్ర ఊరికే నడిచి రాదు. ముందు దాని దరువు వినిపిస్తుంది, ఆ నడకను బట్టి వచ్చేది రాజో రాక్షసుడో జనం పోల్చుకుంటారు. తర్వాతే వేషం కనిపిస్తుంది. కౌబాయ్ సినిమాలో గుర్రపు డెక్కల చప్పుడు, ఒక సంగీత ఖండిక, అంచు కిందికి వంచిన టోపీ, చివరికి ముఖం కనిపించే క్రమం కూడా పాత్ర ప్రవేశమే. దాస్ యక్షగానాన్ని చూసి నేర్చుకున్నాడని నేను అనడం లేదు. ప్రవేశాన్ని పండుగలా చూసే అలవాటు ప్రేక్షకుల్లో తరాలుగా ఉంది కాబట్టే ఈ పరాయి వేషం అంత తేలిగ్గా అతికిందని అంటున్నాను.

నిజాంసాగర్ నీళ్లతో చెరకు, వరి పండే మనకు ఎడారితో, కౌబాయ్‌తో ఏం సంబంధమని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పశువుల మందలను తోలే అమెరికా గుర్రపు కాపరి మన చరిత్రలో లేడు. కానీ కోటలు, గడీలు, బందిపోట్లు, పాడుబడిన గోడల కింద గుప్తనిధి ఉందన్న నమ్మకం దక్కన్ నేలకు కొత్తవి కావు. 1960లలో విఠలాచార్య చిత్రాలు, కత్తి కాంతారావు యుద్ధాలు ఇదే సామగ్రితో జనాన్ని ఆకట్టుకున్నాయి. గుర్రం, మారువేషం, నిధి ఆనవాలు, మోసగాడిని మించిన మోసం అన్నీ జానపద చిత్రంలో ఉన్నవే. కత్తి స్థానంలోకి పిస్తోలు వచ్చింది, మాంత్రికుడి గుహ స్థానంలోకి ఎడారి వచ్చింది. ‘మోసగాళ్లకు మోసగాడు’లో నిధి కూడా ఒక సంస్థానానిది. జానపదం జోరు తగ్గుతున్న కాలంలో దాని వారసత్వాన్ని కొత్త వేషంలో నిలబెట్టింది ఈ సినిమాయే.

నకలు అన్న ఆక్షేపణకు జవాబు సినిమా చరిత్రలోనే ఉంది. లియోనీ ఈ వరుసలో తీసిన మొదటి చిత్రానికి మూలం జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన ‘యొజింబో’. ఆ వివాదం న్యాయపోరాటం దాకా వెళ్లి రాజీతో ముగిసింది. కురొసావా అమెరికా దర్శకుడు జాన్ ఫోర్డ్‌ను అభిమానించినవాడు. ఇటలీ దర్శకుడు అమెరికా పడమటి కథను స్పెయిన్ నేల మీద తీస్తే దాన్ని కళ అన్నాం, తెలుగువాళ్లు బికనీర్‌లో తీస్తే నకలు అనడం న్యాయం కాదు. అయితే అరువును దాచాల్సిన పనీ లేదు. లియోనీ చిత్రాల నుంచీ, 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’ నుంచీ ఈ సినిమా తీసుకున్నది ఎక్కువే. అరువు తెచ్చిందానికి ఏం కలిపారు అన్నదే కొలబద్ద కావాలి.

ఆ కొలబద్ద మీద లోటు కూడా కనిపిస్తుంది. తెలుగు కౌబాయ్ చిత్రాల్లో స్త్రీకి చాలాసార్లు పాటలే మిగిలాయి. పైగా అదే దాస్ 1970లో విజయలలితను ప్రధాన పాత్రలో నిలిపి ‘రౌడీ రాణి’ తీసి, పోరాటాల సినిమాను ఒక స్త్రీ మోయగలదని నిరూపించాడు. ఆ దారి వెడల్పు కాకపోవడం ఈ సంప్రదాయానికి జరిగిన నష్టం. రెండో లోటు కొనసాగింపులో ఉంది. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’, 2002లో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ వచ్చాయి. మధ్యలో ఏళ్లకు ఏళ్లు ఖాళీగా పోయాయి. గుర్రాలకు, దూరపు చిత్రీకరణకు అయ్యే ఖర్చు ఒక కారణం. వేషాన్ని, నేలను భారీగా చూపించాలన్న తపనలో మాటల పదును వెనక్కి తగ్గడం అంతకంటే పెద్ద కారణమని నాకు తోస్తుంది. ఆరుద్ర కలం, నాగభూషణం గొంతు లేని చోట టోపీ ఒట్టి టోపీగానే మిగులుతుంది.

2023 మే 31న, కృష్ణ జయంతి రోజున, ‘మోసగాళ్లకు మోసగాడు’ను 4కె రూపంలో మళ్లీ విడుదల చేశారు. ఎడారి రంగులు, ముఖాల మీది చెమట స్పష్టంగా చూసే వీలు కొత్త తరానికి కలిగింది. ఆ వీలును అభిమానుల సంబరంతో సరిపెట్టకూడదు. సినిమా పాఠం చెప్పేచోట ఈ చిత్రాన్ని ఒకవైపు లియోనీ పక్కన, మరోవైపు జానపద చిత్రాల పక్కన, చిందు యక్షగానం పక్కన పెట్టి చూపించాలి. అప్పుడు ఏది తెచ్చుకున్నామో, ఏది కలిపామో విద్యార్థికి విడివిడిగా తెలుస్తుంది. పరాయి రూపాలు మన తెర మీదికి వస్తూనే ఉంటాయి, రావాలి కూడా. వాటిని మన మాటలో, మన దరువులో నిలబెట్టగల రచయితలూ నటులూ ఉన్నప్పుడే అవి మనవవుతాయని ఈ సినిమా యాభై ఏళ్ల కిందటే చేసి చూపించింది.