హ్యాండిల్ మీద అర

కృష్ణగిరి దాటి ధర్మపురి వైపు వస్తుంటే కారిమంగళం, పెరియంపట్టి చుట్టుపక్కల ఊళ్లలో ఖాళీగా పోయే మోపెడ్ అరుదు. కాళ్ల సందున పాలక్యాను ఉంటుంది, వెనక కూరగాయల మూటో మామిడికాయల గంపో ఉంటుంది. హోసూరు మొదలుకొని ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పొలం, సంత, పిల్లల బడి అన్నీ ఆ రెండు చక్రాల మీదే నడిచిపోతాయి. ఇప్పుడు ఆ బండి మోయాల్సినవాటిలో ఫోను కూడా చేరింది. దారి చూపేది అదే, బేరగాడి పిలుపు వచ్చేది దానికే, డబ్బు పడిందని చెప్పేదీ అదే. జేబులో ఉంటే అక్కరకు రాదు, చేతిలో పట్టుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే హ్యాండిల్ మీద దానికొక అర కావాలి.

అలాంటివి బజార్లో దొరుకుతాయి. కొలతలు తీసి ఇంట్లో చేసుకున్నది మన బండికీ మన కంటికీ ఇంకా బాగా కుదురుతుంది. అయితే దాని మంచిచెడులకు కొలత ఒక్కటే: రోడ్డు మీది చూపును అది ఎంత తక్కువసేపు తప్పిస్తుంది? లోహం, రబ్బరు, బోల్టు, వైరు అన్నీ ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి.

బండికి సామాను కట్టే విద్య

కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టే వాడుకోవడం మన ఊళ్లలో ఎప్పుడూ లేదు. సైకిళ్ల రోజుల్లో తోలుసంచిలోని ట్రాన్సిస్టరు హ్యాండిల్‌కు వేలాడేది. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 వచ్చాక ఈ విద్యకు కొత్త ఊపు వచ్చింది. తేలికైన బండి, ఇద్దరు కూర్చోవచ్చు, సీటుకూ హ్యాండిల్‌కూ నడుమ సామాను పెట్టుకునే చోటుంది. తర్వాత వచ్చిన ఎక్సెల్ బండ్లకు ధర్మపురిలోనైనా, చిత్తూరులోనైనా, గుంటూరులోనైనా వెల్డింగ్ షాపువాళ్లు ఇనుప చువ్వలతో రకరకాల స్టాండ్లు కట్టి ఇస్తూ వచ్చారు. పాలవాళ్లకు ఒక తీరు, చేపల పెట్టెకు ఒక తీరు, ప్లాస్టిక్ బిందెలు అమ్మేవాళ్లకు మరో తీరు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే మేస్త్రీలది ఇదే విద్యకు పెద్ద రూపం.

ఈ పనివాళ్లు పాటించే సూత్రాలు కొన్నే. బరువు వీలైనంత కిందా, బండి మధ్యకు దగ్గరగానూ ఉండాలి. ఏ స్టాండునైనా కనీసం రెండు చోట్ల బిగించాలి, ఒక్కచోట బిగిస్తే అది తిరిగిపోతుంది. ఊగేది ఏదైనా ఎప్పటికో ఒకప్పటికి విరుగుతుంది. ఫోను పెట్టే చిన్న అరకు కూడా ఈ మూడూ వర్తిస్తాయి.

ముందు చోటు, తర్వాత లోహం

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు ఫోను చూస్తే 33 మీటర్లు చూడకుండా నడిపినట్టే. ధర్మపురి దాటాక వచ్చే తొప్పూరు ఘాట్, ప్రమాదాలతో పేరుపడ్డ దిగుడు. బరువు లారీల పక్కన ఆ 33 మీటర్లు ఎంతో దూరం.

కాబట్టి రంపం పట్టేముందు అట్టముక్క పట్టాలి. హెల్మెట్ పెట్టుకుని రోజూ కూర్చున్నట్టే బండి మీద కూర్చోవాలి. ఇంకొకరి చేత అట్టను స్పీడోమీటరు పక్కనా పైనా పట్టించి చూడాలి. మెడ వంచకుండా, కనుపాప కొద్దిగా దించితే కనబడే చోటు సరైన చోటు. తెర మీద ఎండ మెరవకుండా వాలు ఎంత ఉండాలో కూడా అక్కడే తేలుతుంది. తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పాలి. అట్ట ట్యాంకుకు తగలకూడదు, క్లచ్, యాక్సిలరేటర్, బ్రేకు కేబుళ్లు లాక్కుపోకూడదు. ఇండికేటరు దీపాలు, తాళం బెజ్జం, హెడ్‌లైటు వెలుగు దేనికీ అడ్డు రాకూడదు. ఇవన్నీ కుదిరాకే అట్టను లోహం మీద పెట్టి గీత గీయాలి.

మన బండ్లలో చాలావాటికి హ్యాండిల్ పైపు వ్యాసం 22 మిల్లీమీటర్లు, కొన్నింటికి ఇంకా లావు. కొలిచే సాధనం లేకపోతే పైపు చుట్టూ దారం చుట్టి పొడవు చూస్తే చాలు. 69 మిల్లీమీటర్లు వస్తే పైపు 22ది.

లోహానికి 3 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం రేకు సరిపోతుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు పలక 130 గ్రాములు తూగుతుంది. అదే ఇనుముతో చేస్తే 375 గ్రాములు దాటుతుంది. హ్యాండిల్‌తో పాటు తిరిగే ప్రతి గ్రామూ చేతికి తెలుస్తుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. అయితే అల్యూమినియంకు ఒక బలహీనత ఉంది: వణుకు తగిలేకొద్దీ పదునైన మూలల దగ్గర, ఒక్కసారిగా విరిచినట్టు వంచిన చోట చీలిక మొదలవుతుంది. అందుకే మూలలను ఆకురాయితో గుండ్రంగా రాయాలి, వంపును పైపు ముక్క మీద ఆనించి నిదానంగా తిప్పాలి. బెజ్జానికి ముందు పంచ్‌తో గుర్తు కొట్టి, సన్నటి బిట్టుతో మొదలుపెట్టి, తర్వాత కావలసిన సైజుకు పెంచాలి. క్లాంపులు రెండూ వీలైనంత ఎడంగా పెట్టాలి.

వణుకును లొంగదీయడం

నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఒంటి సిలిండరు ఇంజను సెకనుకు వందసార్లు హ్యాండిల్‌ను వణికిస్తుంది. ఆ వణుకుకు నట్లు వదులవుతాయి, టంకం పెట్టిన చోట వైర్లు తెగుతాయి. ఫోను కెమెరాకూ హాని ఉంది. శక్తిమంతమైన మోటార్‌సైకిళ్ల వణుకు ఐఫోన్ కెమెరాలో చిత్రాన్ని నిలకడగా ఉంచే భాగాలను దెబ్బతీయవచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. చిన్న బండ్లకు కూడా వణుకును తగ్గించే అమరిక ఉంటే మంచిదని చెప్పింది.

ఇక్కడ రబ్బరు రెండు వేర్వేరు పనులు చేస్తుంది. క్లాంపుకూ పైపుకూ నడుమ చుట్టే పాత సైకిలు ట్యూబు ముక్క జారకుండా పట్టుకుంటుంది. గట్టిగా నొక్కుకుపోతుంది కాబట్టి అది వణుకును పెద్దగా ఆపలేదు. వణుకును మింగే రబ్బరు బుష్‌లు పలకకూ ఫోను పట్టీకీ మధ్య నాలుగు మూలలా ఉండాలి. మరీ మెత్తనివైతే గుంట పడ్డప్పుడు ఫోను ఊగి తెర మీది అక్షరం ఆనదు, కళ్లు అక్కడే చిక్కుకుంటాయి. మరీ గట్టివైతే ఉన్నా లేనట్టే. ఒకటి రెండు రకాలు మార్చి చూసి, గతుకుల దారిలోనూ చదవగలిగినది ఉంచుకోవాలి.

లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్లు వాడితే తొందరగా వదులు కావు. బిగించాక నట్టు మీదుగా పలక మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీస్తే, ఆ గీత విరిగిన రోజున నట్టు తిరిగిందని ఆనవాలు దొరుకుతుంది.

కరెంటు, వాన, ఎండ

ఫోనుకు 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు ఇచ్చే చార్జరు 10 వాట్లు అందిస్తుంది. మార్పిడిలో పోయే నష్టంతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 1 ఆంపియరు లాగుతుంది. చాలా బండ్లలో ఉండే 35 వాట్ల హెడ్‌లైటుతో పోలిస్తే ఇది తక్కువే. కానీ 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ హెడ్‌లైటు పగలు కూడా వెలిగే ఉంటుంది. అందుకే ఇంకేమేం తగిలిస్తున్నామో కూడి చూసుకోవాలి.

బండి అసలు వైర్లను కోసి మధ్యలో అతుకు వేయడం ప్రమాదకరం. బ్యాటరీ పాజిటివ్ నుంచి విడిగా వైరు తీసి, బ్యాటరీకి దగ్గరలోనే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. వైరు ఎక్కడ ఒరుసుకుని షార్టయినా మంట లేవకముందే ఆ ఫ్యూజు తెగుతుంది. తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చేలా రిలే ఉండాలి. లేకపోతే వాడనప్పుడు కూడా చార్జరు 20 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుంటే, 4 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఎనిమిది రోజుల్లో పూర్తిగా ఖాళీ. బ్యాటరీ లేని పాత మోపెడ్లలో మాగ్నెటో నుంచి నేరుగా ఏసీ వస్తుంది. దానికి 12 వోల్టుల డీసీ చార్జరును తగిలించకూడదు.

వైరు చార్జరులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎండ సంగతీ ఆలోచించాలి. ఐఫోన్ వాడకానికి తయారీదారు చెప్పే బయటి వేడి హద్దు 35 డిగ్రీలు. మన వేసవి దాన్ని సులువుగా దాటుతుంది. వెలిగే తెర, చార్జింగ్, ఎండ మూడూ కలిసే చోట ప్లాస్టిక్ కవరులో ఫోనును మూసేస్తే వేడి పోయే దారి ఉండదు. పలకలో ఫోను వెనక కొన్ని బెజ్జాలు వేసి గాలి ఆడనివ్వాలి.

చట్టం, రేడియో

2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ, నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలంటుంది. అరలో ఫోను ఉంది కదా అని సందేశాలు చదవడానికి అనుమతి వచ్చినట్టు కాదు. ఫ్రేముకు వెల్డింగ్ పెట్టి బండి అసలు నిర్మాణాన్ని మార్చడమూ తగదు. బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేయగలిగే అరే మేలు.

ఫోను పనిచేయని చోట పనికొచ్చే పరికరాలూ ఉన్నాయి. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎందరికో హామ్ రేడియో నేర్పింది. 1999 ఒడిశా పెనుతుఫానులో ఫోన్లు మూగబోయినప్పుడు ఆ హామ్‌లు సమాచారం చేరవేశారు. లైసెన్సు ఉన్నవాళ్లు 144–146 మెగాహెర్ట్జ్ రేడియోను బండి మీద పెట్టుకోవాలంటే యాంటెన్నాకు అర మీటరు కడ్డీ చాలు. బరువైన సెట్టును సీటు కిందో వెనక పెట్టెలోనో ఉంచి, మైకునూ చిన్న తెరనూ మాత్రమే ముందుకు తేవాలి. పాలక్యాను కట్టేవాళ్లు చెప్పే సూత్రమే ఇక్కడా నిలబడుతుంది: బరువు కింద, చూడాల్సింది పైన.

ఈ పని విలువ

ఈ చిన్న అర చేయడంలో కొలత ఉంది, లోహం పని ఉంది, వణుకు లెక్క ఉంది, కరెంటు ఉంది, చట్టమూ ఉంది. ఐటీఐ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం. చేసుకున్నవాడికి తన బండిలో ఏ వైరు ఎటు పోతుందో, ఏ నట్టు ఎప్పుడు వదులవుతుందో తెలుస్తుంది. పాడైతే ఊళ్లోనే బాగుచేసుకోగలడు. ఫోను మారితే పట్టీ మార్చుకుంటాడు, పలక అలాగే ఉంటుంది.

బిగించిన మొదటి వారం తర్వాత ప్రతి నట్టునూ మళ్లీ చూడాలి, వైర్లు ఎక్కడైనా ఒరుసుకున్నాయేమో తడిమి చూడాలి. రద్దీ దారిలో కూడా ఒక్క క్షణం చూసి మళ్లీ రోడ్డు మీదికి చూపు తేగలుగుతున్నామా అని మనల్ని మనమే పరీక్షించుకోవాలి. తేలేకపోతే అరను విప్పి చోటు మార్చాలి, పరికరాలు తగ్గించాలి. ఆ మార్పు ఎన్నిసార్లయినా చేయగలగడమే చేతిపనికి ఉన్న గొప్ప వెసులుబాటు.